కాశీ తైలంగ స్వామి: మన భోగాపురం పక్క ఊరి బిడ్డ

వైజాగ్ నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవేలో భోగాపురం దాటితే పూసపాటిరేగ వస్తుంది. ఆ మండలంలోని కుమిలి దగ్గరే త్రైలింగ స్వామి పుట్టారని చెబుతారు. తెలుగువారు కాబట్టి కాశీలో తైలంగ స్వామి అని పిలిచేవారు.

ఆయన మహిమల వీడియోలు చాలానే చూసుంటారు. కానీ కొత్తగా భక్తిలోకి వచ్చిన మనకు పనికొచ్చేది ఆయన కాశీ చేరకముందు బతికిన తీరు.

అసలు పేరు శివరాముడు. పెళ్లి వద్దనుకున్నారు గానీ ఇల్లు వదిలి పారిపోలేదు. జీవిత చరిత్రల ప్రకారం, నలభయ్యో ఏట తండ్రి నరసింహారావు పోయాక ఆస్తి తమ్ముడు శ్రీధరుడికి ఇచ్చేశారు. తల్లి విద్యావతి దగ్గరే కాళీ మంత్రం తీసుకుని, ఆవిడ ఉన్నన్నాళ్లూ దగ్గరే ఉండి సాధన చేశారు. తల్లి పోయాక శ్మశానం పక్కన గుడిసెలో ఏళ్ల తరబడి సాధన! ఆ తర్వాతే భగీరథానంద సరస్వతి గారి దగ్గర సన్యాసం.

చివరికి కాశీ పంచగంగా ఘాట్‌లో ఎక్కువగా మౌనంగానే ఉండేవారు. 1868లో కాశీ వచ్చిన రామకృష్ణ పరమహంస ఆయన్ని దర్శించుకున్నారు. 1887లో స్వామి సమాధి చెందారు.

రెండు వారాలు జపం చేసి, ఉద్యోగం మానేసి హిమాలయాలకు పోదామనిపిస్తోందా? కాస్త ఆగండి. రోజూ ఒకే టైమ్‌కి కూర్చోండి, పది నిమిషాలైనా చాలు. ఒకే మంత్రం పట్టుకోండి. జపం అయ్యాక ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేయండి. అది కూడా సాధనే.

హర హర మహాదేవ!