బంట్ల చేతి కత్తిని దించిన కలెక్టరు మన్రో

పత్తికొండ: మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న కలరాతో పత్తికొండలో కన్నుమూసిన సర్ థామస్ మన్రోను సీమ ప్రజలు రైతువారీ పద్ధతి తెచ్చిన దొరగానే ఎక్కువగా ఎరుగుదురు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలూ ఉండేవి. అయితే భూముల కొలతలు, శిస్తు లెక్కల కంటే ముందు ఆయనకు ఎదురైన సమస్య వేరు. అది పల్లెలను పట్టి పీడిస్తున్న ఆయుధ భయం.

1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించిన మన్రో 1780లో కుంపిణీ సైన్యంలో చేరేందుకు మద్రాసు వచ్చారు. హైదరాలీ, టిప్పు సుల్తానులతో జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నారు. బారామహల్, కెనరాలలో రెవెన్యూ పని నేర్చారు. 1800లో నిజాం నేటి రాయలసీమలో అధిక భాగాన్ని, బళ్లారిని కుంపిణీకి వదులుకోగా, ఆ దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా నియమితులయ్యారు.

కాపలాదారే కొల్లగొట్టిన కాలం

అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వారి కింద సుమారు 30 వేల మంది సాయుధ బంట్లు ఉన్నట్లు అంచనా. పాలెగాళ్లలో అనేకులు విజయనగర కాలపు కాపలాదారుల వారసులే. పైనున్న ప్రభుత్వాలు బలహీనపడేకొద్దీ కాపలాయే దోపిడీగా మారింది. కావలి రుసుం ముట్టజెప్పిన ఊరికి రక్షణ. లేదంటే పశువులకు, పంటకు, ఇంటికి దిక్కులేదు. రుసుం చెల్లించినా పొరుగు పాలెగాడి బంట్లు వచ్చి పడరన్న హామీ లేదు. సీమ పల్లెల్లో నేడు ముళ్లపొదల నడుమ కూలిపోతున్న బురుజులు ఆనాడు ప్రాణాలు దాచుకునే చోట్లు.

కావలి హక్కును, శిస్తు వసూలును పాలెగాళ్ల నుంచి మన్రో తప్పించారు. లొంగినవారికి భరణం ఇచ్చారు. ఎదిరించినవారిపైకి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సేనలు నడిచాయి. అది తేలికగా సాగలేదు. 1801 డిసెంబరులో తెర్నేకల్ కోట ముందు కుంపిణీ సైన్యం తొలిదాడిలో వెనుదిరగాల్సి వచ్చింది. పాలెగాళ్ల పట్ల మన్రో చూపిన కాఠిన్యం లండనులోని కుంపిణీ డైరెక్టర్లకే రుచించలేదు. ఆ ఆక్షేపణను తోసిపుచ్చలేం.

కత్తి దించిన బంటు ఏం తిని బతకాలన్నది అసలు చిక్కు. తక్కువ పన్నుపై మాన్యాలు అనుభవిస్తూ ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్లను ఆ భూముల్లోనే ఉండనిచ్చారు. మన్రో గుడారాల్లోనే మకాం వేస్తూ ఊరూరా తిరిగి, 1807లో స్వదేశానికి వెళ్లారు. 1814లో న్యాయ సంస్కరణల కమిషన్ అధిపతిగా తిరిగివచ్చారు. 1816 నాటి చట్టాలతో గ్రామ రక్షణ బాధ్యత ఊరి పెద్దకు, తలారికి దఖలు పడింది. పోలీసు వ్యవస్థ జడ్జీల నుంచి కలెక్టర్ల అధీనంలోకి వచ్చింది. 1820లో ఆయన గవర్నరు అయ్యారు.

మరణానంతరం మన్రోను తొలుత గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన పోయిన రెండు దశాబ్దాలకే ప్రభుత్వం కట్టుబడి మాన్యాలపై చేయి వేసింది. నొస్సం పాలెగాడి కుటుంబ భరణమూ ఆగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో భూములు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న నేటి నంద్యాల జిల్లా కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని బహిరంగంగా ఉరితీశారు.