ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 – జూలై 24, 1899) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి, కరవు బారినపడిన గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేశాడు. ఆంధ్రులు ఆయనను కాటన్ దొర అనీ, అపర భగీరథుడనీ పిలుచుకుంటారు.

తొలి జీవితం

ఈస్టిండియా కంపెనీకి చెందిన అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివిన కాటన్ 1821లో మద్రాసు వచ్చాడు. చోళుల నాటి కల్లణైని పరిశీలించి, ఇసుక పునాదిపై కూడా అడ్డుకట్ట నిలుస్తుందని గ్రహించాడు. ఆ అనుభవంతో 1836 నాటికి కొల్లడం నదిపై ఆనకట్టలు కట్టించాడు. తరువాత కొంతకాలం విశాఖపట్నంలో పనిచేశాడు.

గోదావరి స్వభావం

గోదావరి పరీవాహక ప్రాంతం సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. ఏ నీరు ఏ నదికి చేరాలో నిర్ణయించేది కొండల వాలు. తూర్పు కనుమలలో ఇది స్పష్టంగా కనబడుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల మీదుగా పారి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. అరకు లోయకు పడమరనున్న ముంచంగిపుట్టు, పెదబయలు కొండలపై కురిసిన వాన మాత్రం మాచ్‌ఖండ్ నదిలో చేరుతుంది. ఆ నదియే దిగువన సీలేరుగా మారి శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ నీరంతా పాపికొండలు దాటి ధవళేశ్వరం చేరుతుంది.

గోదావరికి హిమాలయ నదులవలె మంచునీటి ఆధారం లేదు. నీటిలో అధికభాగం నైరుతి రుతుపవనాల కాలంలోనే వస్తుంది. అందువలన ఒకే నది వానాకాలంలో ఊళ్ళను ముంచేది, తరువాత పొలాలను ఎండగట్టేది. కరవులు, వరదలు, వలసల వలన నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలుండగా 1841 నాటికి 5.61 లక్షలకు తగ్గింది. లోపం నీటి పరిమాణంలో లేదనీ, అది పొలానికి అందే వేళలో ఉన్నదనీ కాటన్ గుర్తించాడు.

ధవళేశ్వరం ఆనకట్ట

1847లో పని ప్రారంభమై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా, సుమారు 12 అడుగుల ఎత్తున, 3.6 కిలోమీటర్ల పొడవున దీనిని నిర్మించారు. రాయిని ధవళేశ్వరం కొండ నుండి తెచ్చారు. వీణెం వీరన్న ఈ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు.

ఇది నీటిని నిలువచేసే జలాశయం కాదు. నీటిమట్టాన్ని పెంచి కాలువలకు మళ్ళించే కట్ట. డెల్టాలో నది తాను తెచ్చిన ఒండ్రును ఒడ్డునే పోయడం వలన, నదికి దూరమయ్యేకొద్దీ నేల పల్లమవుతుంది. డెల్టా మొదట్లో నీటిని కొద్దిగా పైకెత్తితే చాలు, మెరకల వెంట త్రవ్విన కాలువల ద్వారా అది దానంతటదే పొలాలకు పారుతుంది.

అయితే ఈ ఆనకట్ట భారీ వరదలను ఆపలేదు. ఆ నీటిలో కొంత పుట్టిన మన్యపు కొండలు డెల్టాకు ఎగువన ఉన్నందున, అక్కడి పొలాలకు ఈ కాలువల వలన ప్రయోజనం కలుగలేదు.

చివరి రోజులు

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. రైలుమార్గాలకంటె కాలువలు మేలని వాదించి విమర్శలకు గురయ్యాడు. 1899లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో మరణించాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. ధవళేశ్వరంలో ఆయన పేరిట మ్యూజియం ఉంది.