అత్తగారికి ప్రాణంపోసిన కోడలు

తెలుగు హాస్యరచనను గూర్చి ముచ్చటించేటప్పుడు చిలకమర్తి, మొక్కపాటి, భమిడిపాటి, మునిమాణిక్యం గార్ల పేర్లు వరుసగా స్ఫురిస్తాయి. ఆ వరుసలో నిలువదగిన మరొక పేరును పాఠకలోకం చాలాకాలం సినిమా తారల పట్టికలోనే ఉంచింది. ఆమె శ్రీమతి పాలువాయి భానుమతీ రామకృష్ణ. వెండితెర మీద వెలిగినవారు కలం పట్టితే అది తీరిక వేళల వినోదమనుకోవడం లోకం పోకడ. ఆమె కథలను ఆ దృష్టితో చదివినవారు అసలు రుచిని పోగొట్టుకున్నవారే.

భానుమతి గారు 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు సమీపంలోని దొడ్డవరం గ్రామంలో జన్మించారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు సంగీతప్రియులు. కుమార్తెకు చిన్ననాడే పాట నేర్పించారు. 1939లో సి. పుల్లయ్య గారు కాళ్ళకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’ నాటకాన్ని చిత్రంగా తీసినప్పుడు కాళింది పాత్ర ఈ బాలికకు లభించింది. వరశుల్కపు దురాచారానికి ప్రాణం బలిపెట్టిన పిల్ల కాళింది. తెలుగువారిని ఇంటింటా నవ్వించబోయే రచయిత్రి ప్రజల ముందుకు మొదట వచ్చింది కన్నీటి పాత్రతోనే.

1943లో ‘కృష్ణప్రేమ’ చిత్రంలో నటిస్తూ ఉండగా, సహాయ దర్శకులుగా పనిచేస్తున్న రామకృష్ణారావు గారితో పరిచయమై, ఆ యేడే వివాహం జరిగింది. ఇక ముఖానికి రంగు పూసుకోకుండా గృహిణిగా ఉండిపోవాలని ఆమె నిశ్చయం. కాని బి.ఎన్. రెడ్డి గారి ‘స్వర్గసీమ’ 1945లో ఆ నిశ్చయాన్ని మార్చివేసింది. తరువాత దంపతులిద్దరూ కుమారుడు భరణి పేర స్వంత సంస్థను నెలకొల్పారు. 1951లో ‘మల్లీశ్వరి’, 1953లో మూడు భాషలలో స్వయంగా దర్శకత్వం వహించిన ‘చండీరాణి’ - ఇవి అందరూ ఎరిగినవే.

మన ప్రస్తుతాంశానికి ముఖ్యమైనది మాత్రం 1954 నాటి ‘చక్రపాణి’. మునిమనుమడు పుట్టితే లక్ష రూపాయలు దక్కుతాయన్న ఆశ కల్పించిన ఒక పిసినారి ముసలాయన, ఆ సొమ్ము కోసం అరువు బిడ్డను ఎత్తుకుని తల్లి వేషం వేసిన గడుసు పిల్ల - ఇదీ అందలి కథ. ఆ గడుసుతనాన్ని భానుమతి గారు అరుపులతో, వెకిలి చేష్టలతో చూపలేదు. ఆ చిత్రానికి సంగీతం కూడా ఆమెదే. మరుసటి యేడు విడుదలైన ‘మిస్సమ్మ’లో మొదట నాయికగా కొంతభాగం నటించినదీ ఆమెయే. నిర్మాతతో మాట పట్టింపు వచ్చి తప్పుకున్నారు. ఆ వేషం సావిత్రి గారికి దక్కింది. తెలుగు హాస్యచిత్రానికి అది లాభమో నష్టమో తేల్చడం కష్టం. తల వంచకపోవడం మాత్రం ఆమె స్వభావంలోనే ఉంది. రచనలోని గొంతుకు మూలం ఆ స్వభావమే.

‘అత్తగారి కథలు’ వచ్చేనాటికి మన సాహిత్యంలో అత్త అంటే కోడలిని ఏడిపించే మనిషి. జానపదుల పాటలలో ఆమె గయ్యాళి; తెర మీద సూర్యకాంతం గారి రూపంలో ఆ గయ్యాళితనం పరాకాష్ఠ నందుకుంది. ఇక ఇంటి ముచ్చట్ల హాస్యంలో మునిమాణిక్యం వారి కాంతం ఉన్నది గాని, ఆమెను మనం చూసేది భర్త కన్నులతోనే. భానుమతి గారి కథలలో ఇల్లంతా కోడలి కన్నులతో కనబడుతుంది. కథ చెప్పేది కోడలే. ఆ కన్నులకు అత్తగారు శత్రువు కాదు. మడి, చాదస్తం, పెద్దరికం, అమాయకత్వం అన్నీ ఒక్కచోట పోగుపడిన ముద్దైన మనిషి. ఆవకాయ మొదలుకొని నక్సలైట్ల దాకా ఏ సంగతి వచ్చినా ఆమెకొక అభిప్రాయం, ఒక పట్టుదల ఉంటాయి. కోడలు ఎదురాడదు, అట్లాగని లొంగదు; పక్కన నిలిచి చూస్తుంది. పాఠకుడు నవ్వుతాడు గాని అత్తగారిని చులకన చేయడు. ఎగతాళి సులభం; ఆప్యాయత చెడకుండా నవ్వించడం కష్టం. ఆమె ఎన్నుకున్నది కష్టమైన దారినే. తరగతిలో హాస్యరసాన్ని బోధించే ఉపాధ్యాయులకు అధిక్షేపానికీ హాస్యానికీ గల భేదం చూపడానికి ఇంతకంటె అనువైన కథలు అరుదు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆమెను కథారచయిత్రిగా గౌరవించింది. 1966లో పద్మశ్రీ లభించింది. మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా కొంతకాలం పనిచేశారు. వింత ఏమంటే, కాగితం మీద అత్తగారిని సృష్టించిన కోడలే తరువాత తెర మీద అత్తగారైంది. 1981లో ‘గడసరి అత్త సొగసరి కోడలు’, 1984లో నాయనమ్మగా ‘మంగమ్మగారి మనవడు’ ఆమెను కొత్త తరానికి పరిచయం చేశాయి. మంగమ్మ దర్పంలో, మాట విరుపులో కథలలోని అత్తగారి పోలిక కొంత కనిపిస్తుంది.

ఆత్మకథ ‘నాలో నేను’కు ఉత్తమ సినీ గ్రంథంగా జాతీయ పురస్కారం వచ్చింది. అందులో తారలూ, స్టూడియోలూ, నిర్మాతలూ కనబడతారు. అత్తగారి కథలలో ఉన్నది మాత్రం వంటిల్లు, వసారా, జాడీలు, మడిబట్టలు. 2005 డిసెంబరు 24వ తేదీన చెన్నైలో భానుమతి గారు కన్నుమూశారు. ఆమె చిత్రాలలో కొన్నింటి పేర్లు సైతం నేటి విద్యార్థులు ఎరుగరు. అత్తగారి ఆవకాయ కథ మాత్రం చదివి నవ్వుకుంటున్నారు.