సత్యభామ వేషమును దీక్షగా నొసగిన సిద్ధేంద్రయోగి

నవవిధ భక్తిమార్గములలో కడపటిది ఆత్మనివేదనము. శ్రవణ కీర్తనార్చనాదులు చేయునప్పుడు, చేయువాడను నేననెడి భావము మనస్సున ఏదో ఒక మూల మిగిలియుండును. ఆత్మనివేదనమున ఆ మిగిలినదానిని కూడ స్వామి పాదములకడ నుంచవలెను. శాస్త్రములు చదివినవారికి సైతము ఇది కష్టసాధ్యము. అట్టిదానిని ఒక పల్లెలోని బాలురకు నృత్యాభినయముల మూలమున అలవరుపబూనిన మహనీయుడు సిద్ధేంద్రయోగి.

కృష్ణా జిల్లాలో మొవ్వకు చేరువనున్న గ్రామము కూచిపూడి. పదకర్త క్షేత్రయ్య కొలిచిన వేణుగోపాలస్వామి మొవ్వలోనే కలడు. ఆ జిల్లాలోనే కృష్ణాతీరమున శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు వెలసియున్నాడు. శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి ఆముక్తమాల్యదను రచింపుమని ఆనతిచ్చినది ఆ స్వామియే. ఇట్టి విష్ణుక్షేత్రముల నడుమ భాగవతమేళములు వర్ధిల్లుట సహజము. కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువైన వీరనరసింహరాయల యెదుట ఒక సామంతుని క్రౌర్యమును ప్రదర్శించి చూపిరని మాచుపల్లి కైఫీయతు తెలుపుచున్నది. సిద్ధేంద్రుడు 17వ శతాబ్దివాడని పండితులు పలువురు తలంతురు. కావున ఆయన రాకకు ముందే ఆ ఊరివారికి కళ కలదు. ఆయన ఒసగినది దీక్ష.

ఆయన చరిత్రను పెద్దలు ఇట్లు చెప్పుదురు. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలుని సిద్ధప్ప యని పిలిచెడివారు. చిన్ననాడే వివాహమయ్యెను. పిదప విద్యాభ్యాసమునకై ఉడుపిలోని మాధ్వమఠమునకు చేరి, వేదశాస్త్రములతోపాటు నాట్యశాస్త్రమును కూడ అభ్యసించి, సిద్ధేంద్రుడై తిరిగివచ్చెను. శ్రీకృష్ణలీలాతరంగిణీకర్తయైన నారాయణతీర్థులవారు ఆయనకు గురువులని ఒక సంప్రదాయము.

యౌవనమున భార్యను తోడ్కొని వచ్చుటకై అత్తవారింటికి బయలుదేరెను. నడుమ కృష్ణానదిని దాటవలసియుండెను. సగము దూరము పోవునప్పటికి వరద పొంగెను. ప్రాణము దక్కునన్న ఆశ లేని ఆ క్షణమున శ్రీకృష్ణుని తలంచి, ఒడ్డు చేరినచో సంసారమును విడిచి స్వామిసేవకే అంకితమగుదునని సంకల్పించి, ఆతురసన్యాసము స్వీకరించెను. వరద ఆయనను ముంచలేదు. ఆపద గడచిన పిమ్మట మాట మరచుట లోకరీతి. సిద్ధేంద్రుడు మాత్రము మాట నిలుపుకొనెను. గృహస్థుడు కాబోయిన వాడు యతియయ్యెను.

ఆ యతి పిదప రచించినది వేదాంతభాష్యము గాదు. సత్యాకృష్ణుల ప్రణయకలహము వస్తువుగా భామాకలాపమును రచించెను. కాషాయధారికి శృంగారముతో పనియేమని కొందరికి తోచవచ్చును. కలాపకథను చూచినచో సమాధానము దొరకును. సత్యభామ తన సౌందర్యమును తలచి గర్వించును. అద్దము ముందర నిలిచి, తమ యిద్దరిలో అందగత్తె తానో, అందగాడు ఆయనయో యని స్వామితో వాదమునకు దిగును. స్వామి అలిగి వెడలిపోవును. అంతట ఆమెకు విరహము ప్రాప్తించును. చెలికత్తెయైన మాధవిని వేడుకొని లేఖ వ్రాసి పంపును. ఆ లేఖలో గర్వమంతయు కరగి దైన్యమగును. అప్పుడే స్వామి మరలివచ్చును. జీవుడు అహంకారముచే పరమాత్మకు దూరమై, శరణాగతిచే మరల చేరుటయే ఈ కథ. నదీమధ్యమున తన బ్రతుకును తానే విడిచిన వానికి ఇంతకంటె స్వానుభవమైన వస్తువు వేరొకటి యుండునా?

ఈ పాత్ర నటునినుండి కోరునది మిక్కిలి యెక్కువ. సత్యభామ తెరవెనుక నిలిచి ముందుగా తన పొడుగైన జడను తెరపై వేయును. శాస్త్రజ్ఞులెవరైనను తనను మించగలిగినచో ముందునకు రావచ్చునని అది సవాలు. తరువాత ప్రవేశదరువు. నటుడు తాళము తప్పక ఆడవలెను, తానే పాడవలెను, వచనము పలుకవలెను, సూత్రధారుని ప్రశ్నలకు సమయోచితముగా బదులు చెప్పవలెను. భర్త పేరు చెప్పుమన్నప్పుడు సిగ్గు చెక్కిళ్లపై కనబడవలెను. నందికేశ్వరుని అభినయదర్పణము పాత్రకు పది ప్రాణములను పేర్కొనినది. వేగము, నిలుకడ, అంగముల సౌష్ఠవము, భ్రమరులు తిరుగు నేర్పు, దృష్టి, అలయకుండుట, మేధ, శ్రద్ధ, మంచి వాక్కు, గానము అనునవి అవి. ఇందులో సగము శరీరసాధనచే వచ్చును. శ్రద్ధ మాత్రము కాళ్లకు నేర్పునది కాదు.

ఇక్కడనే కళాకారునకు గొప్ప అపాయము పొంచియున్నది. పది ప్రాణములు సిద్ధించినవానిని సభ మెచ్చుకొనును. మెప్పు గర్వమును పెంచును. గర్వించిన నటుడు సత్యభామ వేషము లేకయే సత్యభామ యగును. కాని కథలో ఆమెకు కలిగిన మేలుకొలుపు అతనికి కలుగదు. సిద్ధేంద్రుడు దీనికి మందు ఆలోచించెను. కూచిపూడి బ్రాహ్మణకుటుంబములలో పుట్టిన ప్రతి బాలుడును జీవితమున ఒకమారైనను సత్యభామ వేషము ధరింపవలెనని ఆయన ప్రతిజ్ఞ చేయించెనని ప్రసిద్ధి. వేదాధ్యయనపరుల ఇండ్ల బిడ్డలు స్త్రీవేషమున రంగమెక్కుట లోకము సులభముగా మెచ్చునది కాదు. పురుషుడను, పండితుడను, ఫలానావారి కుమారుడననెడి అభిమానములన్నియు ఆ జడ కట్టుకొనునప్పుడు విప్పి ప్రక్కన పెట్టవలెను. గర్వము నటించి గర్వము విడుచుట ఆ వేషములోని రహస్యము.

ఆ కుటుంబములు కళను విడువలేదు. గోలకొండను 1672 నుండి 1687 వరకు పాలించిన అబుల్ హసన్ తానీషా వీరి ప్రదర్శనము చూచి సంతసించి కూచిపూడిని అగ్రహారముగా ఇచ్చెనని చెప్పుదురు. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మున్నగు ఇంటిపేర్లు నేటికిని ఆ విద్యతో ముడివడియున్నవి. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా రంగమున నిలిచినప్పుడు, వేషము వెనుక పురుషుడున్నాడను మాట ప్రేక్షకులు మరచెడివారు. 1970లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

కాలముతోపాటు మార్పును వచ్చెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు (1886–1956) స్త్రీలకు ఈ విద్య నేర్పిరి. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, దేశదేశములకు శిష్యులను పంపిరి. నేడు సత్యభామలుగా ఆడువారిలో స్త్రీలే అధికులు. ఊరి బాలుర ప్రతిజ్ఞ మునుపటి నియమముతో సాగుటలేదు. ఇందువలన యోగి సంకల్పము వ్యర్థమయ్యెనా యని కొందరు చింతింతురు. ఒక కట్టుబాటు సడలినమాట నిజము; ఆ లోటు లోటే. కాని వైష్ణవ సిద్ధాంతమున పురుషోత్తముడు ఒక్కడే. తక్కిన జీవులందరు ఆయనకు నాయికలు. విడువవలసినది పురుషత్వము మాత్రమే కాదు, నేననెడి భావము. అది పురుషునకును కలదు, స్త్రీకిని కలదు. కావున దీక్ష అందరికిని మిగిలియేయున్నది.

తులాభారకథలో ఇదే సత్యభామ తన నగలన్నియు త్రాసులో వేసెను. స్వామి తూగలేదు. రుక్మిణీదేవి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళమునకు తూగెను. వేగము, నిలుకడ, గానము, వాక్కు మొదలైనవన్నియు కళాకారుని నగలు. వానిని సంపాదింపక తీరదు. ఏండ్లతరబడి చెమటోడ్చి సంపాదింపవలసినదే. అయినను త్రాసు మొగ్గునది కడపటి దళముతోనే. బిడ్డలకు నాట్యము నేర్పించు గృహస్థులు కాలికి గజ్జె కట్టించునాడే ఈ మాటను కూడ చెవిలో వేయుదురు గాక. నది నడుమ సిద్ధేంద్రుడు స్వామికి సమర్పించినది ఆ దళమే.