మూడు నెలల మాట

మద్యం ముట్టుకోవడమే పాపమా అనే ప్రశ్న మన కతోలిక కుటుంబాలలో తరచు వినిపిస్తుంది. కానా పెండ్లిలో ప్రభువు నీటిని ద్రాక్షారసంగా మార్చలేదా అని తాగేవారు అడుగుతారు. త్రాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారని పౌలుగారు కొరింతీయులకు వ్రాయలేదా అని ఇంట్లో ఏడ్చేవారు అడుగుతారు. రెండూ వేదంలో ఉన్నవే. శ్రీసభ ద్రాక్షారసాన్ని శపించలేదు. దానినే బలిపీఠం మీద ఉంచుతోంది. హద్దు మీరి తాగడాన్ని మాత్రం మితమనే సుగుణానికి విరుద్ధమైన పాపమని బోధిస్తోంది.

మరి బొత్తిగా మానుకోవడం సంగతి ఏమిటి? అది అందరికీ ఇచ్చిన ఆజ్ఞ కాదు. కొందరికి అది దేవునికి ఇష్టపూర్వకంగా అర్పించే కానుక. మరికొందరికి అది లేకపోతే బ్రతుకే లేదు. ఈ రెండూ ఒక్క మనిషిలో కలిసిన జీవితాన్ని ఈ వారం చెప్పుకుందాం. ఆయన గురువు కాదు, మఠవాసి కాదు, చదువుకున్నవాడూ కాదు. కలప అడితిలో కూలి. పేరు మాట్ టాల్బట్.

1856 మే 2వ తేదీన ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో, ఒక బీద ఇంట, పన్నెండు మంది బిడ్డలలో రెండవవాడుగా మాట్ పుట్టాడు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు మత్తయి. తండ్రి ఛార్లెస్ ఓడరేవులో పనివాడు, బాగా తాగేవాడు. తల్లి ఎలిజబెత్ ఆ రాబడిలో ఇల్లు నెట్టుకొచ్చేది. అద్దె కట్టలేక ఇల్లు మారడం ఆ కుటుంబానికి అలవాటైపోయింది. క్రైస్తవ సోదరుల బడిలో మాట్ పేరు వ్రాయించారు గాని అక్కడ అతడు కనిపించిన రోజులు తక్కువ. బడి ఎగ్గొట్టేవాడని రిజిస్టరులో ఉపాధ్యాయులు వ్రాసి పెట్టారు.

అదే 1856 డిసెంబరులో ఆ దేశంలో మరొకరు కన్నుమూశారు. ఆయన కపూచిన్ సభ గురువు థియొబాల్డ్ మాథ్యూ. 1838 ఏప్రిల్ 10న కార్క్ నగరంలో ఆయన ఆరంభించిన మద్యపాన విసర్జన ఉద్యమంలో లక్షల మంది ప్రమాణం చేశారు. ఆ తరువాత ఘోరమైన కరువు వచ్చింది, ఉద్యమం నీరసించింది, దుకాణాలు మళ్లీ కిటకిటలాడాయి. మాట్ పెరిగిన డబ్లిన్ అటువంటిది.

పన్నెండేళ్లకే మాట్ పనిలో చేరాడు. ఎక్కడనుకున్నారు? బీరు, ద్రాక్షాసారాయి సీసాల్లో నింపే వర్తకుల కొట్టులో! సీసాల అడుగున మిగిలిన చుక్కలతో మొదలైంది. ఏడాది తిరగకముందే పిల్లవాడు తూలుతూ ఇంటికి వచ్చాడు. తండ్రి చావబాది, ఆ పని మాన్పించి, తన కళ్ల ఎదుట ఉంటాడని ఓడరేవులో పెట్టించాడు. అక్కడ విస్కీ పీపాలు ఉండేవి. తాగే తండ్రి కొడితే కొడుకు మానతాడా? పదహారు పదిహేడేళ్లకే మాట్ పూర్తి తాగుబోతు. ఆ తరువాత తాపీమేస్త్రీల దగ్గర ఇటుకలు, సున్నం మోసే కూలి అయ్యాడు. కష్టపడి పనిచేసేవాడు, ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. కాని శనివారం చేతికందిన కూలి మంగళవారానికి ఉండేది కాదు. తరువాత అరువు. అరువు పుట్టకపోతే కాళ్ల బూట్లు తాకట్టు. వీధిలో ఫిడేలు వాయించి పొట్టపోసుకునే ఒక గుడ్డివాని ఫిడేలును మాట్, అతని స్నేహితులు ఎత్తుకుపోయి, అమ్మి తాగారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1884లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, అతడు కొన్నాళ్లు పనికి పోలేదు. చేతిలో చిల్లి కాసు లేదు. శనివారం కూలి డబ్బులతో వచ్చే స్నేహితుల కోసం ఒమేరా అనే ఆసామి సారా దుకాణం దగ్గర మూల మీద నిలబడ్డాడు. తన దగ్గర డబ్బున్నప్పుడు వీళ్లందరికీ పోయించినవాడే. ఒకరి తరువాత ఒకరు వచ్చారు, పలకరించారు, లోపలికి పోయారు. రమ్మని పిలిచినవాడు ఒక్కడూ లేడు.

మాట్ ఇంటికి నడిచాడు. ఆ వేళప్పుడు, అదీ తాగకుండా కొడుకు రావడం చూసి తల్లి ఆశ్చర్యపోయింది. భోజనం అయ్యాక, మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకోవడానికి పోతున్నానని చెప్పాడు. ఆ తల్లి సంతోషంతో ఎగిరి గంతేయలేదు. దేవుని పేరిట వెళ్లమంది, కాని నిలుపుకునే ఉద్దేశం లేకపోతే ఆ ఒట్టు పెట్టుకోవద్దంది. ఎన్ని ఒట్లు చూసి ఉంటుందో ఆమె! తాగుబోతు భర్తతో, తాగుబోతు కొడుకులతో బ్రతికిన తల్లికి మాత్రమే ఆ మాట తోస్తుంది.

క్లోన్‌లిఫ్‌లోని హోలీ క్రాస్ గురువిద్యాలయానికి వెళ్లి, ఒక గురువు వద్ద పాపసంకీర్తనం చేసి, ప్రమాణం చేశాడు. ఎంత కాలానికి? మూడు నెలలకు. జీవితాంతం మానేస్తానని అతడు అనలేదు, గురువూ అడగలేదు. మర్నాడు ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొని దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించాడు. ఏళ్ల తరువాత అదే మొదటిసారి.

ఇక్కడి నుండి పునీతుల చరిత్రలు సాధారణంగా వేగంగా పరుగెత్తుతాయి. మనం ఆగుదాం. ఆ మూడు నెలలు మాట్‌కు నరకం. గడువు తీరగానే మళ్లీ తాగుతానని ఇంట్లో అన్నాడు కూడా. పని వదలిన తరువాత సాయంత్రాలు ఎక్కడికి పోవాలో తోచేది కాదు. పాత దారిలో పోతే పాత స్నేహితులు, పాత దుకాణం. అందుచేత దూరంలో ఉన్న దేవాలయాలకు నడిచిపోయి, వేసేవరకు అక్కడే కూర్చునేవాడు. మొదట్లో అది గొప్ప భక్తి ఏమీ కాదు, తలదాచుకోవడం. ఒకసారి జేబులో డబ్బుంది, దారిలో దుకాణం ఉంది, కాళ్లు లోపలికి లాక్కుపోయాయి. ఆ వేళ దుకాణం రద్దీగా ఉంది. తెలిసిన బేరగాళ్ల హడావుడిలో ఈ కొత్త మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. చిన్నబుచ్చుకుని బయటపడి, తిన్నగా యేసుసభవారి దేవాలయానికి పోయాడు. ఆ దినం నుండి జేబులో డబ్బు పెట్టుకుని బయట తిరగడం మానుకున్నాడు. తన బలహీనత ఎక్కడ ఉందో తెలుసుకున్నవాడు చేసే పని అది.

మూడు నెలలు నిండాయి. మాట్ తాగలేదు. ప్రమాణాన్ని పొడిగించాడు, తరువాత మరికొంత కాలానికి, చివరకు జీవితాంతానికి. ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా, చనిపోయే దినం వరకు, ఒక్క చుక్క ముట్టలేదు. పొగాకు కూడా మానేశారు. అది మద్యం కంటే కష్టమనిపించిందట!

తాగుడు మానినంత మాత్రాన పాత బాకీలు పోవు. మాట్ ఆ దుకాణాల్లోని అరువులన్నీ ఒక్కొక్కటిగా తీర్చారు. ఇక ఆ ఫిడేలు. ఆ గుడ్డి మనిషి కోసం డబ్లిన్ వీధులన్నీ సంవత్సరాల తరబడి గాలించారు, బీదల ఆశ్రమాల్లో అడిగారు. కనిపించలేదు. చివరికి అతనికి ఇవ్వాలనుకున్న సొమ్ముతో అతని ఆత్మ కోసం పూజలు చెప్పించారు. క్షమాపణ దొరికింది, కాని వస్తువు తిరిగి చేర్చే అవకాశం దొరకలేదు. మాట్ జీవితంలో నాకు అన్నిటికంటె ఎక్కువగా గుచ్చుకునే ఘట్టం ఇది.

1892 నుండి ఆయన ఒక కలప అడితిలో పనిచేశారు. తెల్లవారకముందే లేచి, దేవాలయం తలుపులు తెరవకముందే మెట్ల మీద మోకరించేవారు. ప్యాంటు మోకాళ్ల దగ్గర చీల్చుకుని, పైన కోటుతో కప్పుకుని, వట్టి మోకాళ్లు నేలకు తగిలేలా మోకరించేవారని తరువాత తెలిసింది. పూజ ముగించుకుని పనికి పోయేవారు. 1890లో పునీత ఫ్రాన్సిసు మూడవ సభలో చేరారు. బడి ఎగ్గొట్టిన మనిషి కుస్తీ పట్టి చదవడం నేర్చుకుని, పునీత అగస్టీను ఆత్మకథ వంటి గ్రంథాలు చదివారు. అర్థం కాని చోట చీటీ మీద వ్రాసుకుని గురువులను అడిగేవారు. పడక ఒక చెక్కబల్ల, తలగడ ఒక దుంగ. ఆహారం ఎక్కువగా ఎండు రొట్టె, పాలు లేని టీలో కలిపిన కోకో. తండ్రి 1899లో మరణించాక తల్లి ఆయన వద్దనే ఉండి 1915లో కన్నుమూసింది. ఒక్క కొడుకైనా ఒట్టు నిలుపుకున్నాడు కదా.

అన్నదమ్ములను మాన్పించాలని ఆయన ప్రయత్నించారు. కుదరలేదు. ఒకే కప్పు కింద పెరిగిన తమ్ముళ్లు తాగుతూనే ఉన్నారు. ప్రార్థించే ఇళ్లలో కూడా ఇలా జరుగుతుందని మనకు తెలుసు. అయినా తాగేవారిని మాట్ ఈసడించుకోలేదు. మద్యం మానలేని మనిషి పట్ల మరీ కఠినంగా ఉండకూడదనేవారు. మానడం చచ్చినవాణ్ణి లేపడమంత కష్టమని, అయితే ప్రభువుకు రెండూ సాధ్యమేనని ఆయన అభిప్రాయం.

మనుషులకు దూరంగా బ్రతికిన తపస్వి అని కూడా అనుకోవద్దు. 1913లో డబ్లిన్ యజమానులు సంఘంలో చేరిన కార్మికులకు పని ఇవ్వకుండా తలుపులు మూసినప్పుడు మాట్ తోటివారితోనే నిలబడ్డారు. సంఘం ఇచ్చిన భృతిని పని చేయకుండా పుచ్చుకోనని మొదట వద్దన్నారు. తరువాత పెళ్లాం బిడ్డలున్నవారికి ఇచ్చారు. మామూలు రోజుల్లోనూ తన కూలిలో అవసరానికి ఉంచుకున్నది కొంచెమే. మిగిలినది బీదలకు, చైనాలో వేదప్రచారానికి పోయేది. ఒకప్పుడు దుకాణంలో పోసిన డబ్బే ఇది!

ఆయన రోజూ పూజకు వెళ్లిన గార్డినర్ వీధి దేవాలయంలోనే, 1898లో, యేసుసభ గురువు జేమ్స్ కల్లెన్ నలుగురు స్త్రీలతో పయొనీర్ మద్యవిసర్జన సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘస్తులు యేసు తిరుహృదయ చిహ్నాన్ని గుండె మీద ధరిస్తారు. వీరు తాగుడుకు లోబడినవారు కారు. మద్యం చెడ్డదని మానినవారూ కారు. మానలేక బాధపడేవారి కోసం, వారి కుటుంబాల కోసం, తమకు న్యాయంగా చెందిన ఒక సంతోషాన్ని వదులుకుని ప్రభువుకు అర్పిస్తారు. మాట్ మానింది తన ప్రాణం కోసం, వీరు మానింది పొరుగువాని ప్రాణం కోసం. బలిపీఠం మాత్రం ఒక్కటే.

1923లో గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఆయనను పడవేశాయి. 1925 జూన్ 7వ తేదీ, త్రిత్వైక దేవుని మహోత్సవ ఆదివారం. ఒక పూజ చూసి మరో పూజకు పోతూ, గ్రాన్బీ సందులో కుప్పకూలి ప్రాణం విడిచారు. ఆసుపత్రిలో బట్టలు విప్పినప్పుడు నడుముకు, చేతికి, కాలికి గొలుసులు కనిపించాయి. దేవమాతకు తాను దాసుడనని గుర్తుగా, రహస్యంగా ధరించినవి. ఊరంతా ఆ గొలుసుల గురించే మాట్లాడుకుంది, ఇప్పటికీ చాలామందికి గుర్తున్నది అదే. అటువంటి తపస్సును శ్రీసభ మన మీద మోపదు. ఆత్మగురువు సలహా లేకుండా ఎవరూ దానికి పూనుకోకూడదు కూడా. ఆయన నిజమైన గొలుసు ముప్పై ఏళ్లు కూడా నిండకముందే తెగింది. అది ఇనుపది కాదు.

క్రీస్తు శరీర మహోత్సవం నాడు ఆయనను గ్లాస్నెవిన్ శ్మశానంలో సమాధి చేశారు. 1972లో ఆ భౌతికకాయాన్ని డబ్లిన్‌లోని లూర్దుమాత దేవాలయానికి తరలించారు. ఆయన పుట్టి పెరిగిన బీదల పేటల నడుమ ఉన్న దేవాలయం అది. 1975 అక్టోబరు 3న ఆరవ పౌలు పోపుగారు ఆయన సుగుణాలు వీరోచితమైనవని ప్రకటించారు. ధన్యుడన్న పేరు రావడానికి ఇంకా ఒక అద్భుతం రుజువు కావాలి. 1978లో డబ్లిన్ నదిపై కట్టిన ఒక వంతెనకు ఆయన పేరు పెట్టారు. 2025 జూన్‌తో ఆయన మరణించి నూరేళ్లు నిండాయి. తాగుడు నుండి బయటపడాలనుకునేవారికి ఆశ్రయమిచ్చే గృహాలు, ధ్యానకూటాలు ఆయన పేరిట ఎన్నో దేశాల్లో నడుస్తున్నాయి. ఆయన సమాధి వద్ద మోకరించేవారిలో తాగేవారి తల్లులు, భార్యలు కూడా ఉంటారు.