ఇనుము అలసటను లెక్కపెట్టిన వోలర్

మా దుమ్ముగూడెం ప్రాంతపు రైతులకు బండి కమాను కట్ట విరగడం కొత్త సంగతి కాదు. మిర్చి బస్తాలతో భద్రాచలం వైపు పోయే వ్యానో, జనాన్ని కుక్కుకుని పోయే జీపో దారిలో ఒక పక్కకు ఒరిగి ఆగిపోతుంది. విరిగిన రోజున తిట్లన్నీ డ్రైవరుకే. కాని నిండు బరువు మోసిన నాడు నిలిచిన కట్ట, ఖాళీ బండి వస్తుండగా విరగడమూ ఉంది. ఇంటర్మీడియట్‌లో చదివిన హుక్ సూత్రం ప్రకారం, స్థితిస్థాపక అవధి దాటనంతవరకు స్ప్రింగు మళ్ళీ యథాస్థితికి రావాలి. మరి విరిగిందెందుకు? ఈ ప్రశ్నకు దారి చూపిన మహనీయుడు జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్. ఇంజనీరింగు లోకంలో ప్రసిద్ధుడైన ఆయన గురించి మన సైన్సు విద్యార్థులకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వోలర్ 1819లో హానోవర్ రాజ్యంలోని సోల్టావ్‌లో పుట్టాడు. హానోవర్‌లో సాంకేతిక విద్య చదివి, బెర్లిన్‌లోని బోర్సిగ్ రైలింజన్ల కర్మాగారంలో పనిచేశాడు. 1847లో ప్రష్యాలోని ఒక రైల్వేలో ఇంజన్లు, పెట్టెల బాధ్యత చేపట్టాడు.

ఆ కాలంలో రైలు ఇరుసులు విరగడం పెద్ద భయం. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలింజను ఇరుసు విరిగి 50 మందికి పైగా చనిపోయారు. అదురుడుకి ఇనుము లోపలి స్వభావమే మారి పెళుసైపోతుందని చాలామంది నమ్మేవారు. వోలర్ నమ్మకాలతో సరిపెట్టుకోలేదు. నడిచే పెట్టెల ఇరుసులు నిజంగా ఎంత వంగుతున్నాయో ముందు కొలిచాడు. తర్వాత ఇనుప, ఉక్కు ముక్కల్ని తిప్పుతూ వంచే యంత్రాలు కట్టించి, ఎన్నిసార్లకు విరుగుతాయో ఏళ్ళ తరబడి లెక్కపెట్టాడు.

తేలిందేమిటంటే, ఒక్కసారికి ఏమీ చేయలేని బరువే లక్షలసార్లు పడితే లోహాన్ని విరుస్తుంది. బరువు తగ్గినకొద్దీ ఎక్కువసార్లు ఓర్చుకుంటుంది. కొన్ని ముక్కలు కోటిసార్లు దాటినా విరగలేదు. ఒత్తిడి ఎంత ఎక్కువన్నదానికంటే, ఎంత నుంచి ఎంతకు మారుతోందన్నదే ముఖ్యమని కూడా ఆయన చూపాడు. ఈ ఫలితాలు 1867 పారిస్ ప్రదర్శనలో ప్రపంచం ముందుకు వచ్చాయి. ఉక్కును పరీక్షించి తరగతులుగా విభజించాలని తరువాత పట్టుపట్టిందీ ఆయనే. 1914లో, 94 ఏళ్ళ వయసులో, హానోవర్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు మన కమాను కట్టను చూడండి. గుంత గుంతకూ అది వంగి లేస్తుంది. ఒక గీత దగ్గరో, తుప్పు తిన్నచోటో, నడిమి బోల్టు రంధ్రం దగ్గరో వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. ప్రతి కుదుపుకూ కాస్త పెరుగుతుంది. మిగిలిన లోహం చాలనినాడు ఫట్‌మంటుంది. విరిగినచోట పాత పగులు నునుపుగా, తుప్పు రంగులో ఉంటుంది. చివర్న తెగిన భాగం గరుకుగా ఉంటుంది. కార్ల చుట్ట స్ప్రింగులకూ ఇదే గతి. రంగు లేచి తుప్పు పట్టినచోటే ప్రమాదం. యూ బోల్టులు వదులైతే నడిమి రంధ్రం దగ్గర కట్ట మరింత వంగుతుంది. అధిక బరువు ఈ లెక్కను తొందరగా ముగిస్తుంది.

కాబట్టి మిత్రులారా, కట్ట విరిగింది ఆ ఒక్క రోజున కాదు. అంతకుముందు బరువెక్కించిన ప్రతి రోజుకూ అందులో వాటా ఉంది. చివరి రోజు నడిపిన డ్రైవరు జీతంలో కోత పెట్టేముందు, బండి యజమానులు విరిగిన ముక్కను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. మిర్చి కోతలకు ముందే బండి కిందికి దూరి కట్టలు చూసుకుంటే ఇంకా మంచిది. ఆ బండ్లలో పోయేది మన వాళ్ళే కదా!