ఫుట్‌బాల్ ఉస్తాద్ రహీం సాబ్

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల్లో పిల్లవాడు బంతి పట్టుకుంటే ఇక చదువు చెడినట్టేనని భావించే తల్లిదండ్రులు మనలో చాలామంది. అట్టివారు తప్పక తెలుసుకోవలసిన జీవితం సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ది.

ఆయన 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి బడిపంతులైనారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ మొదలుపెట్టారు. 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. కుడికాలి వాటం ఆటగాళ్ళను కేవలం ఎడమకాలితో ఆడించి రెండు కాళ్ళకూ పని నేర్పేవారు.

సికింద్రాబాదు పేద కుర్రవాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ కిరాయి తామే ఇచ్చారు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిన మన ఫార్వర్డ్.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ జట్టు నాల్గవ స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళేనాటికి ఆయనకు కేన్సర్. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. పైగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ అతను గోల్ కొట్టాడు. అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆ పతకం మళ్ళీ మనకు దక్కలేదు. మన మూడు ఊళ్ళలోనూ బలరాంలు ఉండే ఉంటారు. వాళ్ళ సైకిల్ కిరాయి సంగతి మనం చూద్దాం.